‘మేడ్ ఇన్ జీడీఆర్’ లెన్సు కొనే ముందు: గాజు నమ్మండి, గ్రీజు నమ్మకండి

అడిగినది క్లుప్తంగా ఇదీ. షార్ట్ ఫిల్ముల కోసం మిర్రర్‌లెస్ బాడీ ఉంది. దానికి తూర్పు జర్మనీ (జీడీఆర్) కాలం నాటి ఎం42 లెన్సులు, అంటే మరతో బిగించే పాత రకంవి, రెండు మూడు తీసుకోవాలనుకుంటున్నారు. ఒకరు “ఆ రోజుల సోషలిస్టు దేశపు సరుకు ఇనుపముక్క, మనవల దాకా వస్తుంది” అన్నారు. ఇంకొకరు “సర్కారు ఫ్యాక్టరీ సరుకు, లెక్క కోసం తయారు చేసింది, ముట్టుకోవద్దు” అన్నారు. ఏది నమ్మాలి, ఏది కొనాలి, చేతికొచ్చాక ఏం చూసుకోవాలి? ఫిల్ము కెమెరా బాడీ అయితే ఏది?

ఇద్దరూ చెప్పింది సగం సగం నిజం. లెన్సు మొత్తాన్ని ఒకే మాటతో తూచడం వల్ల వచ్చిన తగాదా ఇది. భాగాలుగా విడదీసి చూస్తే తేలిపోతుంది. డిజైను, గాజు, లోహం మీద చేసిన పని, ఈ మూడూ చాలా వరకు మొదటి తరగతివి. గ్రీజు, నల్ల ఫోము, ఎలక్ట్రానిక్స్, చివరి దశ తనిఖీ, ఈ నాలుగు చోట్లే దెబ్బతింటారు. అలా ఎందుకైందో తెలిస్తే ఏ లెన్సులో ఎక్కడ వేలు పెట్టి చూడాలో మీకే అర్థమవుతుంది. అందుకే ముందు కాస్త చరిత్ర.

జేనా ఊళ్లో కార్ల్ జైస్ దుకాణం పెట్టింది 1846లో. తర్వాత ఎర్నెస్ట్ ఆబే లెక్కలు, ఓటో షాట్ గాజు కలిసి ఆ ఊరిని ప్రపంచ ఆప్టిక్స్‌కు రాజధానిని చేశాయి. నాలుగు గాజుల టెస్సార్ 1902 నాటి డిజైను. లెన్సు మీద ప్రతిఫలనాన్ని తగ్గించే పూతను జైస్‌లో అలెగ్జాండర్ స్మాకులా కనిపెట్టింది 1935లో. బయోటార్ 58 మి.మీ. ఎఫ్/2ను విల్లీ మెర్టే 1936లో లెక్కగట్టాడు. అంటే తూర్పు జర్మనీ పుట్టేనాటికే ఇవన్నీ వారసత్వంగా అక్కడ ఉన్నాయి. 1945లో అమెరికా సైన్యం వెనక్కి వెళ్తూ ఎనభై మందికి పైగా ముఖ్య నిపుణులను పశ్చిమానికి తీసుకుపోయింది. పశ్చిమ జర్మనీలోని ఓబర్‌కోఖెన్ జైస్ మొదలైంది వాళ్లతోనే. 1946లో సోవియట్ వాళ్లు జేనా ఫ్యాక్టరీ యంత్రాల్లో ఎక్కువ భాగాన్ని విప్పి రైళ్లకెక్కించారు, వందల మంది నిపుణులను కూడా పంపించేశారు. మిగిలిన వాళ్లు దాదాపు ఖాళీ షెడ్లలో మళ్లీ మొదలుపెట్టారు. 1948లో ఫ్యాక్టరీ ప్రజల సొత్తు అయింది. జేనాలో చేసిన లెన్సు ఏది చేతికొచ్చినా ఈ నేపథ్యం గుర్తుంచుకోవాలి. అది గొప్ప ఇంటి పనితనం, బీద ఇంటి సామాను.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. అమ్మేవాళ్లు హీలియోస్ 44ను కూడా “జర్మన్” అంటారు. కాదు. అది బయోటార్ లెక్కను ఆధారం చేసుకుని సోవియట్ యూనియన్‌లో చేసిన లెన్సు. కీవ్ కెమెరా కూడా అంతే, జర్మన్ కాంటాక్స్ డిజైను సోవియట్ చేతికి వెళ్లాక పుట్టింది. తూర్పు జర్మనీ లెన్సులంటే మీ ఎం42 వెతుకులాటలో ప్రధానంగా రెండు ఊళ్లవి. ఒకటి జేనా, అంటే కార్ల్ జైస్ జేనా. రెండోది గోర్లిట్స్, అంటే 1896లో హ్యూగో మేయర్ పెట్టిన మేయర్ ఆప్టిక్. ఇది 1968లో డ్రెస్డెన్‌లోని కెమెరా సంస్థ పెంటకాన్‌లో కలిసింది. ఆ తర్వాత అవే లెన్సులు పేరు మార్చుకున్నాయి. ఓరెస్టన్ 50/1.8 (అంటే 50 మి.మీ., ఎఫ్/1.8) కాస్తా పెంటకాన్ 50/1.8 అయింది. ఓరెస్టోర్ 135/2.8 పెంటకాన్ 135/2.8 అయింది. ఓరెస్టెగాన్ 29/2.8, లిడిత్ 30/3.5 విషయమూ అంతే. ఇది డబ్బు విషయం కూడా, ఎందుకంటే మేయర్ పేరున్న దానికి ఎక్కువ అడుగుతారు. గాజులో తేడా లేనప్పుడు ఆ పేరుకు డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇంకో పేరు తికమక ఉంది. ‘జైస్’ అనే పేరు మీద తూర్పు, పశ్చిమాల మధ్య కోర్టు తగాదాలు ఏళ్ల తరబడి నడిచాయి. అందుకని పశ్చిమ దేశాలకు పంపిన కొన్ని లెన్సుల మీద ‘జైస్’ అని గాని ‘టెస్సార్’ అని గాని ఉండదు. ‘ఆవుస్ జేనా’ అని రాసి, టెస్సార్‌కు ‘టి’, సొనార్‌కు ‘ఎస్’, బయోటార్‌కు ‘బి’ అని ఒక్క అక్షరం వేశారు. నకిలీ అనుకుని వదిలేయకండి, లోపల అదే లెన్సు. పైగా ఒక్కోసారి తక్కువకు దొరుకుతుంది.

ఇప్పుడు బ్లేడ్ల సంగతి. ఈ పరిశ్రమకు ఏమైందో లెన్సు లోపలి అపర్చర్ బ్లేడ్లు లెక్కపెడితే తెలిసిపోతుంది. పాత బయోటార్ 58/2లో 17 బ్లేడ్లున్నవి ఉన్నాయి. మేయర్ ఓరెస్టోర్ 135, దాని వెంట వచ్చిన ప్రీసెట్ (బ్లేడ్లను చేత్తో మూసుకునే) పెంటకాన్ 135లో 15 ఉంటాయి. అపర్చర్ ఎంత మూసినా గుండ్రంగానే ఉంటుంది, వెనక దీపాలు గుండ్రని బిళ్లల్లా వస్తాయి. తర్వాతి ఆటో (బ్లేడ్లను కెమెరాయే మూసే) పెంటకాన్ 135లో 6 మాత్రమే. జేనా పాన్‌కొలార్ 50/1.8 మొదట్లో 8 బ్లేడ్లు, తర్వాత 6. దీనికి రెండు కారణాలు. కెమెరా క్లిక్‌మనగానే బ్లేడ్లు టక్కున మూసుకోవాలంటే తక్కువ ఉండాలి, అది సాంకేతిక అవసరం. రెండోది, ఈ సరుకును పశ్చిమానికి తక్కువ ధరకు అమ్మి విదేశీ మారకం తేవాలి. పశ్చిమ జర్మనీలో ఫోటో క్వెల్లె దుకాణం పెంటకాన్ వాళ్ల ప్రాక్టికా కెమెరాలను ‘రెవ్యూఫ్లెక్స్’ పేరుతో అమ్మింది, ఇంకొన్ని దేశాల్లో ‘హానిమెక్స్’ ముద్రతో వెళ్లాయి. జపాను ధరలతో పోటీ పడాలంటే ఏటా ఏదో ఒక భాగం చవక చేయాల్సిందే. కాబట్టి “పాతదైతే మంచిది” అన్న మాటలో యాంత్రిక పనితనం వరకు నిజముంది. పూత వరకు మాత్రం తలకిందులు. 1970ల చివరి నుంచి వచ్చిన ‘ఎంసీ’ అక్షరాల లెన్సుల్లో బహుళ పూత ఉంది, ఎదురు వెలుతురులో అవే మెరుగు.

సినిమా వాళ్లకు ఈ దేశపు ఇంకో పేరు బాగా తెలుసు, ఓర్వో. వోల్ఫెన్ ఊళ్లోని పాత ఆగ్ఫా ఫిల్ము ఫ్యాక్టరీ 1964లో ఈ పేరు పెట్టుకుంది. తూర్పు యూరప్‌తో రూపాయల్లో వ్యాపారం నడిచేది గనుక డాలర్లు ఖర్చు కాకుండా దిగుమతి కుదిరేది. అందుకే 1970లలో భారతీయ సినిమాలు ఓర్వో ఫిల్ము మీద చాలా తయారయ్యాయి. ఆ కలర్ ప్రింట్లలో రంగు వెలిసిపోవడం మన దగ్గర పాత సినిమాలు భద్రపరిచేవాళ్లకు తెలిసిన బాధే. ఇక్కడా అదే సూత్రం. రసాయనం మీద ఆధారపడ్డది ముందు పోయింది, లోహం, గాజు మిగిలాయి.

ఏవి కొనాలి అనే దగ్గరికి వద్దాం. మూడు లెన్సుల సెట్టు అయితే నా సిఫారసు జేనా ఫ్లెక్టగాన్ 35/2.4, పాన్‌కొలార్ 50/1.8 ఎంసీ, సొనార్ 135/3.5 ఎంసీ. మూడింటికీ ఫిల్టర్ మర 49 మి.మీ. వీడియోకు ఇది పెద్ద సుఖం. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ 1/50 దగ్గర పెట్టాలి, మన ఎండలో వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా కుదరదు. ఒకే ఫిల్టర్ మూడింటి మీద తిప్పుకోవచ్చు. ఫ్లెక్టగాన్ దాదాపు 20 సెం.మీ. దాకా దగ్గరికి ఫోకస్ అవుతుంది, చేతులు, పూలు, వంట షాట్లకు వేరే మాక్రో అక్కర్లేదు. పాన్‌కొలార్ 35 సెం.మీ., సొనార్ 1 మీటరు. సొనార్ 135 ఈ మూడింటిలో ధరకు తగ్గ విలువ ఎక్కువ ఇచ్చేది. నాలుగే గాజులు, పూర్తిగా తెరిచినా మధ్యభాగం పదునుగా ఉంటుంది.

డబ్బు తక్కువైతే 50కి పెంటకాన్ 50/1.8 తీసుకోండి. ఎఫ్/1.8 దగ్గర కాస్త మెత్తగా, ఎఫ్/4 నుంచి గట్టిగా ఉంటుంది, 33 సెం.మీ. దాకా దగ్గరికి వస్తుంది. టెస్సార్ 50/2.8 ఇంకా చవక, చిన్నది, కాంట్రాస్టు మంచిది. వెనక బ్లర్ మాత్రం గరుకుగా ఉంటుంది. వైడ్‌కు పెంటకాన్ 29/2.8 అనేకం దొరుకుతాయి, అంచులు ఎఫ్/8 దాకా తేరుకోవు, కాబట్టి ఏపీఎస్-సీ (చిన్న సెన్సరు) బాడీ మీద మాత్రమే బాగు. ఆ బాడీ మీద 50 మి.మీ. చూపు 75 మి.మీ. అంత బిగుతవుతుందని గుర్తుంచుకోండి. చిన్న గదుల్లో తీసేవాళ్లకు 35 ముందు, 50 తర్వాత.

డొమిప్లాన్ 50/2.8 వద్దు. మూడు గాజుల చవక లెన్సు, ప్రాక్టికా బాడీలతో పాటు ఇచ్చేవారు. దాని బ్లేడ్లు తెరుచుకునే ఉండిపోవడం ఎంత మామూలంటే, బాగా పనిచేసేది దొరకడమే అరుదు. పైగా బ్లేడ్లను ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చే ఏ–ఎం మీట ఉండదు. మేయర్ ట్రియోప్లాన్ 100/2.8 సబ్బు బుడగల్లాంటి వెలుగు బిళ్లలతో చాలా పేరు తెచ్చుకుంది. అదీ మూడు గాజులదే, ఆ బుడగలు నిజానికి సరిచేయని లోపం వల్ల వచ్చే అందం. ఆ పేరుతో 2014 తర్వాత కొత్తగా లెన్సులు తయారయ్యాయి, ఆ సంస్థ 2018లో దివాలా తీశాక వేరే జర్మన్ సంస్థ చేతికి పేరు వెళ్లింది. పాత ట్రియోప్లాన్ ధర ఇప్పుడు పేరు వల్ల పెరిగిన ధర. మొదటి లెన్సుగా కొనేది కాదు.

అడాప్టర్ దగ్గర అందరూ ఒకే తప్పు చేస్తారు. ఎం42 మర వ్యాసం 42 మి.మీ., పిచ్ 1 మి.మీ. లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ముకు దూరం 45.46 మి.మీ. సోనీ ఈ-మౌంట్‌లో ఆ దూరం 18, నికాన్ జెడ్‌లో 16, కానన్ ఆర్‌ఎఫ్, ఎల్-మౌంట్‌లలో 20, ఫ్యూజీ ఎక్స్‌లో 17.7. మిగిలిన దూరాన్ని అడాప్టర్ నింపాలి. సోనీకైతే 27.46 మి.మీ. మందం. అడాప్టర్ అంతకంటే మందంగా ఉంటే దూరంగా ఉన్నవి ఎప్పటికీ ఫోకస్ కావు. సన్నగా ఉంటే అనంతం (∞) గుర్తుకు కొంచెం ముందే దూరపువాటికి ఫోకస్ కుదురుతుంది, అది పనికి అడ్డు కాదు. చవక అడాప్టర్లు కావాలనే కాస్త సన్నగా చేస్తారు. పాత నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు వదులుకోవాలి, దాని దూరం 46.5 మి.మీ., మధ్యలో గాజు లేకుండా అనంతం రాదు. కానన్ ఈఎఫ్‌లో 44 మి.మీ. గనుక పలుచని రింగుతో కుదురుతుంది. అయితే ఫుల్‌ఫ్రేమ్ బాడీలో కొన్ని లెన్సుల వెనక భాగం అద్దానికి తగులుతుంది, ముందు మెల్లగా తిప్పి చూసుకోవాలి.

రెండో సంగతి పిన్ను. ఆటో లెన్సు వెనక చిన్న పిన్ను ఉంటుంది. కెమెరా దాన్ని నొక్కినప్పుడే బ్లేడ్లు మూసుకుంటాయి. లెన్సు మీద ఏ–ఎం మీట ఉంటే ‘ఎం’ వైపు తోస్తే చాలు, ఏ అడాప్టరైనా పనిచేస్తుంది. మీట లేకపోతే లోపల అంచు ఉన్న, పిన్నును నొక్కిపట్టే అడాప్టర్ కావాలి. “బ్లేడ్లు కదలడం లేదు” అని వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం తప్పు అడాప్టర్ వల్లనే. లెన్సు విప్పకముందు పిన్నును వేలితో నొక్కి చూడండి. ఆ అంచు మరీ ఎత్తుగా ఉంటే పిన్ను అడుగు దాకా దిగిపోయి ఫోకస్ రింగు బిగుసుకుపోవడం కూడా ఉంది. అప్పుడు లెన్సును పావు మలుపు వదులు చేస్తే రింగు తేలికవుతుంది, తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫోటోలు చాలవు, వీడియో అడగండి. ఏ–ఎం మీట ‘ఏ’లో ఉంచి, అపర్చర్ ఎఫ్/16లో పెట్టి, పిన్నును పదిసార్లు వరసగా నొక్కి వదలమనండి. బ్లేడ్లు ప్రతిసారీ టక్కుటక్కున కదలాలి. మొదటి రెండుసార్లు బాగా కదిలి తర్వాత బద్ధకిస్తే నూనె ఉన్నట్టే. తర్వాత మొబైల్ టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి తీయమనండి, లెన్సును నెమ్మదిగా తిప్పుతూ. సాలెగూడులా కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తే ఫంగస్. అంచు నుంచి లోపలికి ఇంద్రధనుస్సు రంగుల మరక ఉంటే రెండు గాజులను అతికించిన జిగురు విడిపోతోంది. దాన్ని ఇంట్లో బాగు చేయలేరు, వదిలేయండి. సమంగా పొగ కమ్మినట్టుంటే గ్రీజు ఆవిరి పట్టింది, చాలాసార్లు తుడిస్తే పోతుంది. నాలుగైదు దుమ్ము చుక్కలు లెక్కలోకి రావు. గాజు లోపల సూదిమొనంత గాలి బుడగలు కనిపిస్తే కంగారు పడొద్దు, ఆ కాలపు జేనా గాజులో అవి మామూలే, బొమ్మ మీద ప్రభావం ఉండదు. చివరగా మరల గాళ్లు చూడండి. స్క్రూల తలలు చితికి ఉంటే ఎవరో తెలియనివాళ్లు ఇప్పటికే విప్పారు. అలాంటిదానికి ధర ఎంత తగ్గించినా ఎక్కువే.

నూనె ఎందుకొస్తుంది? ఫోకస్ మరలో వాడిన గ్రీజు దశాబ్దాలకు విడిపోతుంది. సబ్బు భాగం గట్టిపడి రింగును బిగిస్తుంది, నూనె భాగం కారి బ్లేడ్ల మీదికి పాకుతుంది. ఒకే గ్రీజు రెండు రోగాలు తెస్తుంది. ఫ్లెక్టగాన్ 35/2.4, పాన్‌కొలార్, టెస్సార్‌లలో నూనె బ్లేడ్లు ఎక్కువ, మేయర్, పెంటకాన్‌లలో బిగుసుకుపోయిన రింగులు ఎక్కువ. వేసవిలో కారులో వదిలేసిన లెన్సుకు ఇది ఏళ్లలో కాదు, రోజుల్లో మొదలవుతుంది. చాలామంది బ్లేడ్ల స్ప్రింగు బలహీనపడిందని దాన్ని కత్తిరించి బిగిస్తారు. తప్పు. పలుచని బ్లేడ్ల మధ్య నూనె పొర జిగురులా పట్టుకుంటుంది, స్ప్రింగు మామూలుగానే ఉంటుంది. బిగించిన స్ప్రింగు తర్వాత బ్లేడ్ల చివరి గుబ్బలను విరుస్తుంది, అప్పుడు లెన్సు పనికిరాదు.

ముందు నుంచి ద్రావకం పోసి ఊపడం ఇంకో అడ్డదారి. వారం పదిరోజులు బాగుంటుంది. కరిగిన నూనె గాజు మధ్యకు చేరి, మరలో మిగిలిన గ్రీజును పలుచన చేసి, మళ్లీ బ్లేడ్ల మీదికే వస్తుంది. సరైన పద్ధతి గాజు దిమ్మను తీసి బ్లేడ్లను విడిగా కడగడం. మొత్తం పని ఇలా ఉంటుంది.

గాళ్లకు సరిగ్గా పట్టే చదునైన చిన్న స్క్రూడ్రైవర్లు రెండు సైజులు, రెండు మొనల లెన్సు స్పానర్, రబ్బరు గుండ్రాలు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లైటర్ ఫ్లూయిడ్, నూగు రాని కాగితం తుడుపులు కావాలి. తెల్లని ట్రేలో పని చేయండి, పడిన స్క్రూ కనిపిస్తుంది. ప్రతి దశలో మొబైల్‌తో ఫోటో తీయండి. పేరు రాసి ఉన్న ముందు రింగు చాలా మోడళ్లలో మరతో ఉంటుంది, రబ్బరు గుండ్రంతో నొక్కి తిప్పితే వస్తుంది. రింగుల పక్కన ఉండే తలలేని చిన్న స్క్రూలకు లక్క పూసి ఉంటారు. ఒక్క చుక్క అసిటోన్ పెట్టి రెండు నిమిషాలు ఆగండి, బలవంతం చేస్తే గాడి పోతుంది. రంగు వేసిన అంకెల మీద అసిటోన్ పడనీయకండి, చెరిగిపోతాయి.

ఫోకస్ మరను విడదీసే ముందు రెండు గుర్తులు పెట్టాలి. మొదటిది అనంతం దగ్గర లోపలి, బయటి గొట్టాలు ఎక్కడ కలిసి ఉన్నాయో సూదితో గీత. రెండోది రెండు గొట్టాలు విడిపోయిన క్షణంలో అవి ఉన్న చోటు గీత. ఈ మర ఒక్క చోట మొదలయ్యేది కాదు, చుట్టూ చాలా మొదళ్లు ఉంటాయి. పక్కదానిలో ఎక్కిస్తే తిరుగుతుంది, బిగుస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది, అనంతం మాత్రం రాదు. ఇంట్లో విప్పి పాడైన లెన్సుల్లో ఎక్కువ భాగం ఈ రెండో గీత పెట్టనివే.

మరను లైటర్ ఫ్లూయిడ్‌తో, పాత టూత్‌బ్రష్‌తో తెల్లగా అయ్యేదాకా కడగాలి. పాత గ్రీజు మీద కొత్తది వేస్తే ఆరు నెలల్లో రెండూ కలిసి విడిపోతాయి. కొత్తది లెన్సులకు వాడే మధ్యస్థ చిక్కదనం హెలికాయిడ్ గ్రీజు, రెండు గొట్టాలకు కలిపి బియ్యపు గింజంత చాలు. సైకిల్ గ్రీజు, వాసెలిన్, తుప్పు వదిలించే స్ప్రేలు వాడకండి. మన ఎండకు అవి కారతాయి. బ్లేడ్లను ఆల్కహాల్‌లో ముంచి, తుడిచి, ఒకటికి రెండుసార్లు మళ్లీ కడిగి, పూర్తిగా పొడిగా బిగించాలి. వాటికి ఏ నూనే వేయకూడదు. వీడియో కోసం అపర్చర్ చప్పుడు లేకుండా తిరగాలనుకుంటే ఈ దశలోనే అపర్చర్ రింగు కింద ఉన్న చిన్న ఉక్కు గోళీని తీసేయొచ్చు. పేరు రాసిన కవరులో దాచండి, రేపు అమ్మేటప్పుడు కావాలి.

ఇదంతా మొదటిసారి చేసేవాళ్లు చవక పెంటకాన్ 50 మీద చేయండి. ఫ్లెక్టగాన్ మీద నేర్చుకోవద్దు, దాని లోపలి అమరిక ఇరుకు.

ఫంగస్ మన సముద్రతీరం వాళ్లకు, విశాఖ నుంచి నెల్లూరు దాకా, తప్పని సమస్య. పైపొర మీద ఉన్నదైతే గాజును విడిగా తీసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంటి అమ్మోనియా సమపాళ్లలో కలిపి, దూది పుల్లతో ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. మందుల షాపులో దొరికేది 6 శాతం అయితే సమానంగా నీళ్లు కలపండి. కిటికీ తెరిచి చేయండి, బ్లీచింగ్ ద్రవం దగ్గరికి కూడా రానీయకండి, మిగిలిన ద్రవాన్ని మూత పెట్టి దాచకండి, గ్యాసు పుట్టి సీసా పగులుతుంది. అతికించిన గాజు జంటను మాత్రం ముంచకూడదు. జిగురు దెబ్బతింటుంది. పైపైన తుడవడం వరకే. ఫంగస్ పూతను తినేసి ఉంటే మచ్చ మిగులుతుంది. చిన్నదైతే బొమ్మలో తెలియదు, ఎదురు వెలుతురులో మాత్రం కాంట్రాస్టు తగ్గుతుంది.

1960ల నాటి నలుపు తెలుపు చారల ‘జీబ్రా’ పాన్‌కొలార్ 50/1.8లో కొన్ని థోరియం (కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న లోహం) కలిపిన గాజుతో చేశారు. కాలం గడిచేకొద్దీ గాజు టీ రంగుకు తిరుగుతుంది. పాడైనట్టు కాదు. అతినీల కాంతి ఎల్‌ఈడీ దీపం కింద కొన్ని రోజులు ఉంచితే రంగు చాలా వరకు విడుస్తుంది. ఎండలోనూ అవుతుంది గాని, మన ఎండకు గ్రీజు కరుగుతుంది, పైగా లెన్సు ఎండను ఒక చోటికి చేర్చి గుడ్డకు నిప్పంటించగలదు. ఎండలో పెట్టేవాళ్లు వెనక అల్యూమినియం రేకు చుట్టి, పొద్దున పూట గంట మాత్రమే పెట్టాలి. మామూలు వాడకంలో ఈ గాజు వల్ల భయం లేదు. దాన్ని అరగదీయడం, పొడి చేయడం మాత్రం చేయకూడదు.

ఫిల్ము బాడీ గురించి కూడా ఒక్క మాట అడిగారు. ప్రాక్టికా ఎల్ వరస, అందులోనూ ఎంటీఎల్ 3, ఎంటీఎల్ 5 తీసుకోండి. నిలువుగా కదిలే లోహపు షట్టర్, 1 సెకను నుంచి 1/1000 దాకా, బ్యాటరీ లేకున్నా పనిచేస్తుంది. బ్యాటరీ కాంతి మీటరుకే. అద్దం దగ్గరి నల్ల ఫోము జిగురైపోయి ఉంటుంది, గీకి కొత్తది అంటించాలి. 1979లో వచ్చిన బీ200 లాంటి ఎలక్ట్రానిక్ బాడీలు వద్దు, సర్క్యూట్ పోతే భాగం దొరకదు, దాని లెన్సు మౌంటూ వేరు. ఎక్సాక్టా కెమెరాల్లో రబ్బరు పూసిన గుడ్డ తెర పగిలి సూది రంధ్రాలు పడతాయి. పెంటకాన్ సిక్స్‌లో ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎక్కడం పుట్టుకతో వచ్చిన జబ్బు, తిప్పిన మీటను వేలితో పట్టి నెమ్మదిగా వెనక్కి రానిస్తే కొంత తగ్గుతుంది.

పెంటకాన్‌ను మూసేయాలన్న నిర్ణయం 1990 అక్టోబరులో, రెండు జర్మనీలు కలిసిన రోజుల్లోనే వచ్చింది. వేల మంది పని పోయింది. కెమెరా చెడ్డది కాబట్టి కాదు, ఆ ధరకు అమ్మి ఆ మనుషులకు జీతాలివ్వడం కొత్త లెక్కల్లో కుదరక. విడిభాగాలు అక్కడితో ఆగిపోయాయి. ఇవాళ భాగం కావాలంటే పాడైన ఇంకో లెన్సు కొనాల్సిందే. అందుకే పెంటకాన్ 50 లాంటివి కొనేటప్పుడు గాజు పోయిన చవక ముక్క ఇంకొకటి తీసి పక్కన పెట్టుకోండి. స్క్రూలు, స్ప్రింగు, పిన్ను, బ్లేడ్లు అన్నీ దానిలో ఉంటాయి. పాత సరుకు ఇంకా బతికి ఉండటానికి అసలు కారణం కూడా ఇదే. అతికించకుండా స్క్రూలతో బిగించారు, విప్పితే విడిపోతుంది, బిగిస్తే కలుస్తుంది. ఆ దేశంలో కొత్తది దొరకడం కష్టం గనుక బాగు చేసుకునేలా చేయక తప్పలేదు.

లెన్సు వచ్చాక పాత తోలు కేసు ఉంటే తీసి పారేయండి, తేమకు, ఫంగస్ గింజలకు అదే ఇల్లు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, తేమ చూపే చిన్న మీటరు, సిలికా జెల్ చాలు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. బియ్యంలో పెట్టకండి, పిండి దుమ్ము మరలోకి పోతుంది. జెల్ రంగు మారినప్పుడు ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర గంటన్నర వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది.

కెమెరాలో లెన్సు లేకున్నా షట్టర్ పడేలా అనుమతించే సెట్టింగ్ ఆన్ చేయండి, లేకపోతే అడాప్టర్‌ను బాడీ గుర్తించక క్లిక్ కాదు. బాడీలో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంటే ఫోకల్ దూరం చేత్తో ఎక్కించాలి. 135 పెట్టి 35 అని వదిలేస్తే వీడియో ఊగుతుంది. ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులను రంగుతో చూపే సెట్టింగ్) ఆన్ చేసి, పూర్తి అపర్చర్‌లో ఫోకస్ పట్టి, తర్వాత ఎఫ్/2.8కో ఎఫ్/4కో మూసుకోండి. ఎంసీ కాని లెన్సుకు హుడ్ తప్పనిసరి. మొదటి రాత్రి చంద్రుణ్ని గాని, ఊరి చివర సెల్ టవర్ దీపాన్ని గాని చూసి అనంతం సరిగ్గా పడుతోందో లేదో చూసుకోండి. పడకపోతే లెన్సు విప్పకండి, ముందు అడాప్టర్ మార్చండి. మీ బాడీ మోడల్, దొరికిన లెన్సు మీద ముద్రించిన అక్షరాలు ఇక్కడ రాస్తే ఏ–ఎం మీట ఉన్నదో కాదో, ఏ అడాప్టర్ కావాలో చెప్తాను.